ఎఱ్ఱదీపము చాలునా?

వానకాలమున గోదావరి పొంగునప్పుడు లంకగ్రామములవారు మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? "భద్రాచలమువద్ద ఎన్ని అడుగులున్నది?" అనియే. అచ్చట నీరు 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇత్తురు. అయినను, మొదటి హెచ్చరిక రాకముందే, ముప్పదియైదు, నలువది అని వినుచున్నప్పుడే లంకలోని రైతు పశువులను గట్టునకు తోలుకొనును. గడ్డికి, గింజలకు చోటు చూచుకొనును. అట్టివానితో "ఈ అడుగుల లెక్క నీకెందుకు? నీ గడపలోనికి నీరు వచ్చినప్పుడు వెలుగునట్లు ఒక ఎఱ్ఱదీపము పెట్టెదము, అదియే చాలును" అని ఎవరైన చెప్పిన అతడు ఒప్పుకొనునా? ఒప్పుకొనడు. కాని ఆ రైతే తన కారులో, తన జీపులో అట్టి దీపమునే నమ్ముకొని నిశ్చింతగా ప్రయాణము చేయుచున్నాడు. ఈ మాసము మేము సభ్యులతో ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

ఒకప్పుడు కారు జమీందారుల యింటి వస్తువు. నేడట్లు కాదు. మన సభ్యులలో పలువురు ఎవరో పది సంవత్సరములు వాడి విడిచిన కారునో, డీజిలు జీపునో కొనుక్కొని, కూరగాయలను రైతు బజారునకు చేర్చుటకు, ఎరువుల బస్తాలు తెచ్చుకొనుటకు, రాత్రివేళ జబ్బుపడిన వారిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు వాడుకొనుచున్నారు. ఇది విలాసము కాదు, కమతములో ఒక పనిముట్టు. పనిముట్టు అయినప్పుడు దానిని కనిపెట్టి చూచుకొనుటయు రైతు పనియే. ఎద్దు మేత విడిచినదని పెందలకడనే కనిపెట్టని రైతు లేడు. ఇంజను మేత విడిచినదని కనిపెట్టుటకు మాత్రము మనకు సాధనము లేదు. ఆ సాధనమే నూనె ఒత్తిడి గేజి. మెకానిక్కులు ఆయిలు ప్రెజరు గేజి అందురు.

గడచిన మాఘమాసమున మన సభ్యులొకరు తమ పాత జీపులో కొన్ని మిరప టిక్కీలు వేసికొని గుంటూరు యార్డునకు బయలుదేరిరి. తెల్లవారుజామున దారిలో, మీటర్ల పలకమీద నూనెబుడ్డి బొమ్మ గల ఎఱ్ఱదీపము వెలిగెను. వైరు వదులై యుండునని వారు తలచిరి. పాత బండ్లలో అట్లు జరుగుట మనమెఱుగనిది కాదు గదా! ఇంకను రెండు మూడు కిలోమీటర్లు నడిపిరి. ఇంజను ఒక్కసారి గట్టిగా కొట్టుకొని, పట్టివేసినది. సరుకు ఆనాటి సంతకు అందలేదు. జీపును త్రాడుకట్టి లాగించుకొని రావలసివచ్చెను. ఇంజను విప్పిన మేస్త్రి అరిగి రాగిరంగు తేలిన బేరింగులను చేతిలో పెట్టి, "ఇది నేటి జబ్బు కాదు, కొన్ని నెలలనుండి ఒత్తిడి తగ్గుచునే వచ్చినది, మీకు తెలియలేదు" అని చెప్పెను. బోరు పనికి, క్రాంకుషాఫ్టు సానకు అయిన సొమ్ము ఆ పంట లాభమునుండి పోయినది; సంఘమునకు కట్టవలసిన వాయిదా నిలిచినది. వారి యజాగ్రత్తను మేము నిందింపము. వారికి తెలియజేయవలసిన సాధనము ఆ పలకమీద లేదు. అదియే మా నింద.

ఇంజనులోపల జరుగునదేమో కొంచెము చెప్పవలసియున్నది. బండి ఇరుసునకు కందెన వేయనిదే బండి కట్టము. కందెన లేని ఇరుసు అఱచును, వేడెక్కును, కాలును. ఇంజనులో క్రాంకుషాఫ్టు నిమిషమునకు వేలకొలది మారులు తిరుగును. దానికి కందెన చేతితో పూయుట సాధ్యము కాదు గాన, అడుగుననున్న ఆయిలు చాంబరునుండి ఒక పంపు నూనెను తోడి, ఫిల్టరుద్వారా సన్నని కాలువలలోనికి నెట్టుచుండును. ఆ కాలువలు ఒక్కొక్క బేరింగునకు పోవును. షాఫ్టునకు బేరింగునకు నడుమ వెండ్రుకవాసి సందు మాత్రముండును. ఆ సందులో నూనెపొర నిలిచియున్నంతవరకు ఇనుము ఇనుమును తాకదు. బేరింగులు అరిగినకొలది సందు పెరుగును, గండిపడిన కాలువలో నీరు నిలువనట్లు నూనె త్వరగా జారిపోవును, ఒత్తిడి తగ్గును. కావున ఒత్తిడి ఎంతయున్నదని తెలిసికొనుట ఇంజనునకు నాడి చూచుటవంటిది.

మఱి ఎఱ్ఱదీపము ఏమి చేయుచున్నది? ఇంజను ప్రక్కను ఒక చిన్న స్విచ్చి బిగించియుండును. ఒత్తిడి సామాన్యముగా చదరపు సెంటీమీటరునకు సుమారు అరకిలోకో, అంతకు లోపునకో పడిపోయినప్పుడు మాత్రమే అది దీపమును వెలిగించును. వేడెక్కిన ఇంజను పరుగులో నాలుగు కిలోల ఒత్తిడి ఉండవలసినచోట రెండు కిలోలకు దిగినను దీపము వెలుగదు; ఒక కిలోకు దిగినను వెలుగదు. ఆ స్థితిలో బరువుతో పరుగెత్తు ఇంజను లోలోపల అరిగిపోవుచునే యుండును. దీపము వెలుగునప్పటికి చేతులు కాలినవన్నమాట. ఆ పిమ్మట పట్టుకొను ఆకులవలన ఫలమేమి? అమెరికాలో కార్ల సంగతి తెలిసినవారు ఇట్టి దీపములకు తెలివిమాలినవాని దీపములని ఎగతాళి పేరు పెట్టిరి. మేము అంతమాట అనము. దీపము ఉండవలసినదే. అది కడపటి కేక. మనకు కావలసినది మొదటి మాట.

ఆ మొదటి మాట చెప్పునది ముల్లు. గేజిలు రెండు విధములు. మొదటిది యంత్రపు గేజి. ఇంజనునుండి సన్నని గొట్టము నూనెను గేజివరకు తెచ్చును. గేజిలోపల చదునుగా నొక్కి వంచిన గొట్టమొకటి యుండును. ఒత్తిడి ఎక్కినకొలది అది సాగి నిటారు కాబోవుచు ముల్లును త్రిప్పును. ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ బుర్డోను 1849లో దీనికి పేటెంటు పొందెను. నేటికిని అదియే వాడుకలో నున్నది. దీనికి విద్యుత్తు అక్కఱలేదు, తప్పు చెప్పుట అరుదు. కాని కాగిన నూనె మనము కూర్చుండు చోటికి వచ్చును. గొట్టము పగిలినచో కాళ్లు కాలును, ఇంజనులోని నూనెయు కారిపోవును. రెండవది విద్యుత్ గేజి. దీనిలో నూనె ఇంజనువద్దనే యుండును. అచ్చట బిగించిన సెండరు ఒత్తిడిని గ్రహించి వైరుద్వారా గేజికి తెలుపును. కారులో శాశ్వతముగా అమర్చుటకు విద్యుత్ గేజియే మేలనియు, అప్పుడప్పుడు పరీక్షించుటకు యంత్రపు గేజియే మేలనియు మా యభిప్రాయము.

ఇది ఇంటివద్ద చేసికొనదగిన పనియేనా యని సభ్యులు అడుగవచ్చును. మోటారు స్టార్టరు విప్పి సరిచేసికొను రైతునకు, పంపుసెట్టు ఫుట్‌వాల్వు మార్చుకొను రైతునకు ఇది మించిన పని కాదు. మేము కార్యాలయమున వాడు పాత కారునకు ఒక ఆదివారము మేమే అమర్చితిమి. అందు మేము చేసిన రెండు పొరపాట్లను దాచక చెప్పెదము. అవి సభ్యులకు పాఠములు కాగలవు.

మొదటి పొరపాటు మర విషయమున. పాత స్విచ్చి విప్పి, ఆ రంధ్రములో ఇత్తడి టీముక్క బిగించి, దాని ఒక కొమ్మకు పాత స్విచ్చిని, రెండవ కొమ్మకు గేజి సెండరును అమర్చవలెను. అప్పుడు దీపమును ముల్లును రెండును నిలుచును. అయితే ఈ రంధ్రముల మరలు అన్ని బండ్లకు ఒక్కటి కావు. అమెరికా పద్ధతి 1/8 అంగుళపు మరకు అంగుళమునకు 27 చుట్లు, బ్రిటిషు పద్ధతిదానికి 28 చుట్లు. చూచుటకు రెండును కవల పిల్లలే. మఱికొన్ని బండ్లలో 10 మిల్లీమీటర్ల మెట్రిక్కు మర యుండును. మేము కొలువక కొన్న టీముక్క రెండు చుట్లు సుఖముగా తిరిగి ఆగెను. పానాతో బలవంతముగా త్రిప్పియున్నచో ఇంజను బ్లాకులోని మర చెడియుండును. పది రూపాయల ముక్కకై ఇంజను బ్లాకును పాడుచేసికొన్నవార మయ్యెడివారము. చేతితో మూడు నాలుగు చుట్లు తేలికగా ఎక్కని ముక్క అచ్చటిది కాదని తెలిసికొనుడు. విప్పిన స్విచ్చినే దుకాణమునకు తీసికొనిపోయి, దానికి జోడు చూచి కొనుడు.

రెండవ పొరపాటు తెల్లని టేపు విషయమున. నీటి గొట్టములకు చుట్టు అలవాటు చొప్పున సెండరు మరకు టేపు దట్టముగా చుట్టితిమి. తాళము త్రిప్పగనే, ఇంజను నడువకమునుపే, ముల్లు చివరకు పోయి నిలిచెను. ఒంటి వైరు గల సెండరునకు ఎర్తు దాని మరద్వారానే అందవలెను; మా టేపు ఆ దారిని మూసివేసెను. అంతేకాక టేపు తునకలు నూనె కాలువలో పడినచో అడ్డుపడు ప్రమాదమును కలదు. మర చివరి రెండు చుట్లు విడిచి, ద్రవరూపపు సీలెంటు కొంచెము పూసిన చాలును.

తక్కిన క్రమమిది. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే పని మొదలిడుడు. బండిక్రిందికి దూరవలసివచ్చినచో జాకీని మాత్రమే నమ్మక, గట్టి స్టాండులను పెట్టుడు. మొదట బ్యాటరీ నెగటివు వైరును తీసివేయుడు. స్విచ్చి విప్పునప్పుడు కొంచెము నూనె కారును. క్రింద పళ్లెము, గుడ్డ ఉంచుడు. టీముక్కకు బరువైన సెండరును నేరుగా తగిలించినచో ఇంజను అదురునకు ఇత్తడి మెడ కొన్నాళ్లకు విరుగవచ్చును. అట్టిచోట నూనెకు, ఒత్తిడికి తగిన చిన్న హోసుపైపు బిగించి, సెండరును ప్రక్కను పట్టీతో నిలుపుట క్షేమము. అప్పుడు ఆ పట్టీకి ఎర్తు వైరు వేయ మఱువరాదు. గేజి వైర్లలో ఒకటి సెండరునకు, ఒకటి ఎర్తునకు, ఒకటి తాళము త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చు చోటికి, ఇంకొకటి పలకదీపమునకు పోవును. విద్యుత్తు వచ్చు వైరునకు చిన్న ఫ్యూజు తప్పక ఉండవలెను. ఇంజను గదినుండి లోనికి వైరు వచ్చుచోట రేకు అంచు కోయకుండ రబ్బరు బుష్షు వేయుడు. సైలెన్సరు గొట్టమునకు, ఫ్యానునకు, బెల్టునకు దూరముగా వైరును కట్టుడు. గేజియు సెండరును ఒకే జత కావలెను. కొన్ని జతలలో సెండరు ఒత్తిడి లేనప్పుడు 10 ఓములు, నిండుగా నున్నప్పుడు 180 ఓములు చూపును. అమెరికా పద్ధతి జతలలో 240 నుండి 33 ఓములకు దిగును. ఒకదాని గేజికి మఱొకదాని సెండరు తగిలించినచో ముల్లు అబద్ధము చెప్పును. అబద్ధము చెప్పు ముల్లుకన్న ముల్లు లేకుండుటయే మేలు.

బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పుడు. ఇంజను నడువనప్పుడు ముల్లు సున్నవద్ద ఉండవలెను. ఇంజను నడిపిన కొద్ది క్షణములలో ముల్లు లేవవలెను. లేవనిచో వెంటనే ఆపుడు. కొన్ని నిమిషములు నడిపి, టీముక్క చుట్టును వ్రేలితో తడిమి తడి యున్నదేమో చూడుడు. ఒక రోజు తిరిగిన పిమ్మట మరల చూడుడు.

ఇక ముల్లును చదువుట. తెల్లవారి చల్లని ఇంజనులో నూనె చిక్కగా నుండును గాన ముల్లు పైకి పోవును. మధ్యాహ్నపు ఎండలో చాలదూరము పరుగెత్తి ఆగినప్పుడు నూనె పలుచబడి ముల్లు దిగును. ఈ రెంటినిజూచి భయపడ నక్కఱలేదు. నిమిషమునకు వేయి తిరుగుళ్లకు చదరపు అంగుళమునకు 10 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు ముప్పాతిక కిలో ఒత్తిడి ఉన్న చాలునని మెకానిక్కులు ఉజ్జాయింపుగా చెప్పుదురు. కాని బండితోవచ్చిన పుస్తకములోని అంకెయే ప్రమాణము. అన్నిటికంటె ముఖ్యమైనది మీ బండి అలవాటును మీరు తెలిసికొనుట. వేడెక్కిన ఇంజను, ఒకే వేగము, ఒకే దారి: నెలకొకసారి ఆ అంకెను చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. నాలుగు నెలలలో అంకె దిగుచున్నదన్న సంగతి ఆ పుస్తకమే చెప్పును. అప్పుడు నూనె తగ్గినదా, డీజిలు కలిసి పలుచబడినదా, తప్పు రకము పోసితిమా, చాంబరులోని జల్లెడ మూసికొన్నదా, పంపు అరిగినదా, బేరింగులు అరిగినవా యని వరుసగా విచారింపవచ్చును. వీనిలో మొదటివి తక్కువ సొమ్ముతో పోవు జబ్బులు; ఆలస్యము చేసినకొలది కడపటి జబ్బుగా మారును.

ఎదురుమాటలను కూడ మేము వినియున్నాము. "అతుకులు పెరిగినకొలది కారుటయు పెరుగును గదా" అని కొందఱందురు. నిజమే. అందుచేతనే మంచి ముక్క, తగిన మర, నిదానమైన చేయి కావలెనని ఇంత విస్తరించి వ్రాసితిమి. "క్రొత్త కార్లలో కంప్యూటరే చూచుకొనును గదా" అని మఱికొందఱందురు. అదియు కొంతవఱకు నిజము. గ్యారంటీ గడువులోనున్న బండిని ముట్టుకొనవద్దని మేమును చెప్పుచున్నాము. అట్లు చేసినచో ఆ హక్కు పోవచ్చును. కొన్ని క్రొత్త ఇంజన్లలో ఒత్తిడిని యంత్రమే అవసరముకొలది హెచ్చించుచు తగ్గించుచు నుండును; వానికి మా లెక్కలు వర్తింపవు. మేము చెప్పునది గడువు తీరిన, చేతులు మారిన, మన యిండ్లలో నిత్యము పాటుపడు పాత బండ్లను గుఱించి.

ఇంకొకమాట. గేజి వైద్యుడు కాదు. చాంబరులో నూనె ఎంత యున్నదో అది చెప్పదు. పంపునకు నూనె అందుచున్నంతవఱకు ముల్లు నిబ్బరముగానే నిలిచి, నూనె అడుగంటినప్పుడు ఒక్కసారి కూలును. కావున కడ్డీ తీసి నూనెమట్టము చూచు అలవాటును, వేళకు నూనె, ఫిల్టరు మార్చు అలవాటును విడువరాదు. గేజి వచ్చినదని కడ్డీని మఱచువాడు, కొలరాయి యున్నదని గట్టును మఱచిన లంకరైతువంటివాడు.

ఈ విషయమున సంఘము చేయదగినది కూడ కలదని మేము తలచుచున్నాము. ఒక్కొక్కరు కొనలేనిది పదుగురు కలిసి కొనుటకే గదా 1904లో సహకార చట్టము వచ్చిననాటినుండి మన పల్లెలలో సంఘములు వెలసినవి. సంఘపు గిడ్డంగిలో ఒక మంచి యంత్రపు గేజిని, దాని హోసుపైపును, వాడుకలోనున్న మూడు రకముల మరలకు తగిన ముక్కలను ఉంచవలెను. కావలసిన సభ్యుడు పుస్తకములో సంతకము చేసి తీసికొనిపోయి, తన కారునకో, జీపునకో తగిలించి ఒత్తిడి చూచుకొని, సాయంకాలమునకు తిరిగి ఇయ్యవలెను. బండి విడువక గేజి కొనదలచినవారికి సంఘమే ఒక్కమారుగా తెప్పించి యిచ్చిన వెలయు తగ్గును, తగని జతలు తెచ్చుకొను బాధయు తప్పును.

రెండవది యింతకంటెను ముఖ్యము. పాతబండి కొనుటకై అప్పు కోరువారు అర్జీతోపాటు, వేడెక్కిన ఇంజనులో చూచిన ఒత్తిడి అంకెను కూడ వ్రాసి యియ్యవలెనని పాలకవర్గము నియమము చేయవలెను. అరిగిన ఇంజనులో చిక్కని నూనె పోసి, చల్లగా నున్నప్పుడు నడిపి చూపి అమ్ము నేర్పరులు కొందఱు కలరు. అరగంట నడిపి, కాగిన పిమ్మట గేజి పెట్టిన ఆ నేర్పు చాలవఱకు బయటపడును. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూడక సొమ్మియ్యని మనము, ఇంజనును కొనునప్పుడు నాడి చూడక సంఘపు సొమ్మును ఏల ఇయ్యవలెను? ఆ సొమ్ము మనందఱిది. బండి నిలిచినచో వాయిదా నిలుచును. వాయిదా నిలిచినచో మఱొక సభ్యునకు విత్తనముల అప్పు ఆలస్యమగును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ రెండు సూచనలను మేము ప్రతిపాదింపనున్నాము. సభ్యులు ఆలోచించి, తప్పులున్నచో దిద్ది, ఒప్పున్నచో బలపఱుపవలెనని మా మనవి. అంతవఱకు పాతబండి గల ప్రతి సభ్యుడును రేపు ఉదయమే కడ్డీ తీసి నూనె చూచుకొనవలెననియు, దారిలో ఎఱ్ఱదీపము వెలిగినచో వైరు తప్పని తలపక, తక్షణమే ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలెననియు కోరుచున్నాము.